బూడిదగాడి మీద పడని తాడు

అనగనగా బహుధాన్య సంవత్సరం, శ్రావణ శుద్ధ దశమి, బుధవారం. తెల్లవారుజాము నుంచీ ఒకటే ముసురు. నల్లేరుపాడు అనే ఊళ్ళో ఏరు పొంగి పొరుగూరి దారి మునిగిపోయింది. ఆ మునిగిన దారిని గుర్తుపెట్టుకోండి, తరవాత పనికొస్తుంది. ఇది కోపం కథ, గట్టిగా ఊ కొట్టాలి మరి.

ఆ ఊళ్ళో కుమ్మరివారి కోడలు పేరిందేవికి ఒక కుక్క ఉండేది. పేరు బూడిదగాడు. ఎందుకా పేరంటే, తొమ్మిదేళ్ళ కిందట, వాడు పిల్లగా ఉన్నప్పుడు, మునసబు గవరయ్యగారి పాలచెంబులో మూతి పెట్టాడు. పెడితే పెట్టాడు, చెంబెడు పాలు! ఆయనకి ఎనిమిది గేదెలు. అందులో ఒకటి పొడిచేది, అచ్చం యజమానిలాగే. సరే, దాని సంగతి ఇప్పుడెందుకు? ఆయన తలారిని పిలిచి, పిల్ల కాలికి తాడు కట్టి ఊరవతలికి ఈడ్చెయ్యమన్నాడు. తలారి రాళ్ళమీద ఈడ్చాడు, ముళ్ళమీద ఈడ్చాడు, చచ్చిందనుకుని కుమ్మరి ఆవం పక్కన బూడిదకుప్పలో పారేశాడు. ఆవం అంటే తెలుసుగా, కుండలు కాల్చేది.

వెచ్చటి బూడిదలో పిల్ల కదిలింది. పేరిందేవి చూసింది, తాడు కోసింది, పుండు కడిగింది. "ఈ జన్మలో నీ ఒంటిమీద మళ్ళీ తాడు పడితే నన్నడగరా" అంది. ఊ కొడుతున్నారా?

ఇంక చూడండి వాడి దర్జా! ఆరబెట్టిన కుండల దగ్గరికి మేకొస్తే మేకని తరిమాడు, కాకొస్తే కాకిని తరిమాడు, కోడలిమీద కేకలేస్తూ అత్తగారొస్తే అత్తగారినీ తరిమాడు. ఆ దెబ్బతో ఆవిడ కేకలు మానేసింది.

తొమ్మిదేళ్ళు అలా గడిచాక బూడిదగాడి కడుపు ఉబ్బింది. అన్నం మానాడు. వైద్యుడు పొట్ట నొక్కి చూసి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. పేరిందేవి గంజి వేలితో తీసి నాలుకమీద రాస్తే, ఆమె మొహం చూసి మొహమాటానికి మింగేవాడు.

ఆ బుధవారం నాడే మునసబు కూతురి పెళ్ళి తంతు మొదలు. పెళ్ళంటే అరివేణి కుండలు కావాలి కదా. రంగులు వేసిన ఆ కుండల్ని కుమ్మరింటి నుంచి మేళాలతో తీసుకెళ్ళాలి. అవి రాకపోతే పెళ్ళి కదలదు. పేరిందేవి కుండలన్నీ సిద్ధం చేసి చూరుకింద వరస పెట్టింది. ఇంతలో తలారి వచ్చాడు, చేతిలో తాడు.

"అమ్మా, సాయంత్రం మేళం వస్తుంది. ఎదురుగా చచ్చే కుక్క ఉంటే అపశకునమట. ఈడ్చెయ్యమన్నారు."

పేరిందేవి కుండలు సరిచేసే చెక్క చేతపట్టి గుమ్మంలో నిలబడింది.

"ఊపిరున్నవాణ్ణి ఈడుస్తావా? ఒకసారి ఈడ్చావుగా, చాల్లేదా? వెళ్ళి చెప్పు మీ మునసబుకి, ఆ తాడు ఆయన మెళ్ళో వేసుకోమను!"

తలారి తలదించుకుని పోయి చెప్పాడు. మునసబు భార్యమీద అరిచాడు, భార్య వంటవాడిమీద అరిచింది, వంటవాడు పొయ్యిమీద అరిచాడు. పాపం పొయ్యి ఎవరిమీద అరుస్తుంది? ఆరిపోయింది.

ఇక్కడ బూడిదగాడు పాక్కుంటూ బూడిదకుప్ప చేరి, ఆమె పాదంమీద తలపెట్టాడు. పేరిందేవికి వాడిమీదా కోపమొచ్చింది.

"వచ్చినప్పుడు నా అరచేతిలో పట్టావు. నాకంటే ముందు ముసలాడివైపొమ్మని ఎవడు చెప్పాడురా నీకు?" అంది. తల నిమిరింది. "సరే, పో నాయనా. నేనున్నాగా, తాడు పడనివ్వను. పో" అంది. వాడు తోక ఒక్కసారి కదిపి వెళ్ళిపోయాడు.

ఊ అనరేం? ఏడుస్తున్నారా? ఏడవండి, కానీ వినండి.

సాయంత్రం మేళంతో మునసబే వచ్చాడు. గుమ్మానికెదురుగా బూడిదకుప్పలో కుక్కని చూసి, కోపంతో కళ్ళు కనపడక, అందరి ముందూ అరిచాడు:

"ఇంటిముందు పీనుగ పెట్టుకుని నా కూతురికి పెళ్ళికుండలిస్తావటే!"

పేరిందేవి ఆ మాట పట్టుకుంది.

"పీనుగ అన్నారా? విన్నారా అందరూ?"

"విన్నామమ్మా" అన్నాడు డోలు వాయించేవాడు.

"పీనుగంటే మనిషికే అంటారు. అంటే మా ఇంట్లో మనిషి పోయినట్టు. మాకు మైల. పదకొండు రోజులు కుండలివ్వకూడదు. పొరుగూరు వెళ్ళి తెచ్చుకోండి."

పొరుగూరు దారి ఏమయింది? ఆఁ, మునిగింది! మునసబు ఏటివైపు చూశాడు, కుండలవైపు చూశాడు, మళ్ళీ ఏటివైపు చూశాడు. అప్పుడు అత్తగారు లేచింది. వాడు తరిమిన అత్తగారే.

"పెంచిన బిడ్డకి ఒక్క పూట మైల చాలు. నలుగురూ మోసి, మట్టివేసి, తలస్నానం చేస్తే సరి. ఈడిస్తే మాత్రం ఏడాదికీ పోదు" అంది. ఏ శాస్త్రంలో ఉందో! అత్తగారి శాస్త్రంలో ఉంది.

కుండల గంపలో పడుకోబెట్టారు. గంపకి కూడా తాడు కట్టనివ్వలేదు పేరిందేవి. ఒకపక్క ఆమె, ఒకపక్క ఆమె మొగుడు, ఒకపక్క తలారి, నాలుగోపక్క వానలో తడుస్తూ మునసబు. ఆవం పక్కనే పాతిపెట్టారు. మునసబు పిడికెడు మట్టి వేశాడు. స్నానాలయ్యాయి, కుండలు వెళ్ళాయి, పెళ్ళి జరిగింది, అందరూ బూందీ తిన్నారు. పేరిందేవి తినలేదు.

అందుకే నోట్లోంచి మాట జారనిచ్చేముందు చూసుకోండర్రా, అవతల పేరిందేవి ఉండొచ్చు.

బూడిదగాడి గంజిచిప్ప తలారి ఇంటి కుక్కపిల్లకి పోయింది. వాడి గోనెపట్టా అత్తగారి మోకాళ్ళకిందికి పోయింది. కాకుల్ని తరిమే పని మొగుడికొచ్చింది. వాడి మీది బెంగా, ఊరిమీది కోపమూ పేరిందేవికి మిగిలాయి, రెండూ ఎవరికీ పంచలేదు. తాడుని తలారే ఏట్లోకి విసిరేశాడు. కథకి కంచి దక్కింది, మనకి పక్క దక్కింది, మునసబుకి ఆ తాడైనా దక్కలేదు.