ఫిలోమిన చెప్పిన సాక్ష్యం

రాయప్ప మూడు ఆదివారాలుగా ఇంటింటి సువార్తకు రావడం లేదు.

క్రిస్మస్ వెళ్ళినప్పటి నుంచి విచారణలోని, అంటే ఆ చర్చి కిందకొచ్చే, కుటుంబాలు తలా ఒక వీధి పంచుకుని, ఆదివారం పూజ అయ్యాక తలుపులు తడుతున్నాయి. భార్యాభర్తలు కలిసే వెళ్ళాలన్నది ఫాదరుగారు పెట్టిన నియమం. అందరికంటే ఎక్కువ ఇళ్ళు తిరిగిన ఫిలోమిన, మొగుడు రాయప్ప కదలకపోవడంతో ఇంట్లో కూర్చోవలసి వచ్చింది.

ఆవిడ కూర్చునే మనిషి కాదు. నేరుగా చిన్నప్ప మాస్టారి దగ్గరికి వెళ్ళింది. ఆయన నలభై ఏళ్ళు ఉపదేశిగా, చర్చి తరపున మతబోధ చేసిన మనిషి. కాన్వెంటు హాస్టల్లో చదువుకునేటప్పుడు ఆమెకు జపాలు నేర్పింది ఆయనే. ఎవరింటికి వెళ్ళినా ఎలా మాట్లాడాలో ఇప్పుడు ఈ కుటుంబాలకు నేర్పుతున్నదీ ఆయనే.

"మీరొకసారి మా ఆయన్ని కేకలెయ్యండి మాస్టారూ. స్కూలు పిల్లల ఆటో నడుపుకుంటూ హాయిగా ఉండేవాడా, ఇప్పుడు అదీ సగం మానేశాడు. గోడకేసి చూస్తూ కూర్చుంటాడు. అడిగితే పలకడు. సైతాను మళ్ళీ పట్టిందేమోనని నా భయం."

"తాగుతున్నాడా?"

"అయ్యో లేదు. ఆరేళ్ళయింది ముట్టి. అదేగా నా సాక్ష్యం!"

"ఏదీ, చెప్పు. వింటాను."

ఫిలోమిన కొంగు సర్దుకుని నిలబడింది. గొంతు దానంతటదే మారిపోయింది. "ఈయన నా భర్త. ఒకప్పుడు పచ్చి తాగుబోతు. పట్టపగలు మురిక్కాలవలో పడి ఉంటే నేను జుట్టు పట్టుకుని లాక్కొచ్చాను. నా మెడలో గొలుసు అమ్ముకు తాగాడు. అలాంటివాణ్ణి ప్రభువు మార్చాడు. ఇవాళ మీ ముందు మనిషిలా నిలబడ్డాడు, చూడండి."

"బాగా చెప్పావు," అన్నారు మాస్టారు. "నువ్విది చెప్పేటప్పుడు రాయప్ప ఎక్కడుంటాడు?"

"మెట్టు కింద, సంచీ పట్టుకుని. పుస్తకాలూ జపమాలలూ అందులోనేగా ఉండేది."

"ఎన్నిళ్ళలో చెప్పావు?"

"నూట పద్నాలుగు," అంది ఫిలోమిన. ఆ అంకె చెప్పడమంటే ఆమెకు ఇష్టం.

మాస్టారు లేచి చెప్పులు వేసుకున్నారు. "పద, ఇవాళ నీకు జతగా నేనొస్తాను. ఫాదరుగారికి నేను చెప్పుకుంటాలే. సంచీ నువ్వు పట్టుకో. మాట నేను చెప్తాను."

మొదటి ఇంటి వరండాలో ఒకావిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. మాస్టారు మెట్లెక్కి నమస్కారం పెట్టారు. ఫిలోమిన సంచీతో కింద నిలబడింది.

"చర్చి నుంచి వచ్చామమ్మా. దేవుడు చేసిన మేలు ఒకటి చెప్పి వెళ్ళిపోతాం." ఆయన వెనక్కి తిరిగి వేలు చూపించారు. "ఈమె పేరు ఫిలోమిన. చిన్నప్పుడు దొంగ. హాస్టల్లో ఎవరి పెట్టెకు తాళం లేకపోయినా చెయ్యి పెట్టేది. ఒకసారి తోటిపిల్ల వెండి పట్టీలు తీసింది, ఆ నింద వంటమనిషి మీద పడినా నోరు మెదపలేదు. అలాంటిదాన్ని ప్రభువు మార్చాడు. ఇవాళ పరాయి సొమ్ము ముట్టదు, చూడండి."

"మంచిదేనండీ," అంది ఆవిడ మర్యాదగా నవ్వుతూ. అలా నవ్వుతూనే పక్కనున్న సెల్‌ఫోను తీసి ఒళ్ళో పెట్టుకుంది.

గేటు దాటగానే ఫిలోమిన భగ్గుమంది. "ఏంటి మాస్టారూ ఇది! ఎప్పుడో ముప్పై ఏళ్ళ కిందటి మాట! నాచేత ఆ వంటమనిషి కాళ్ళు పట్టించింది మీరే కదా! అక్కడితో అయిపోయింది కదా!"

"అబద్ధం చెప్పానా?"

"అని కాదు..."

"దేవుణ్ణి పొగడలేదా?"

ఆమె సంచీని ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుంది.

"ఒక్క ఇల్లేగా అయింది. పద," అన్నారు మాస్టారు.

రెండో ఇంటి దగ్గర ఆమె మెట్టు దాకా కూడా వెళ్ళలేదు. సంచీని రెండు చేతులతో గుండెలకు అదుముకుని గేటు దగ్గరే ఆగిపోయింది. మాస్టారు తలుపు తట్టారు. తీసినావిడ మాస్టార్ని వదిలేసి, వెనకనున్న ఫిలోమినను గుర్తుపట్టింది.

"మీరు మొన్నామధ్య మీ ఆయనతో వచ్చారు కదూ? రండి, రండి. పాపం ఆయన మంచివాడేనండీ. మేం ఈ కాలనీకి వచ్చినప్పటి నుంచీ, నాలుగేళ్ళు, మా పాపని బడికి ఆయనే తీసుకెళ్ళాడు. మీరు చెప్పేదాకా మాకసలు సంగతే తెలీదు. మావారు విన్నాక ఊరుకుంటారా చెప్పండి? ఆడపిల్లాయె! ఆటో మాన్పించేశాం. ఎదురింటివాళ్ళూ, ఆ మూల మేడవాళ్ళూ కూడా మాన్పించారు. ఏమీ అనుకోకండేం?"

"ఎప్పుడు?" ఫిలోమిన గేటు దాటి మెట్టు దాకా వచ్చింది. మళ్ళీ అడిగింది. "ఎప్పుడండీ?"

"మూడు నాలుగు వారాలైంది. ఎందుకమ్మా అని ఆయనే అడిగాడు. మీ ఆవిడే చెప్పింది కదండీ అన్నాను. సరేనమ్మా అని నవ్వేసి వెళ్ళిపోయాడు."

మాస్టారు ఆ ఇంట్లో ఏ సాక్ష్యమూ చెప్పలేదు. మంచినీళ్ళు అడిగి తాగి, సెలవు తీసుకుని మెట్లు దిగారు.

ఎండ మాడ్చేస్తోంది. ఫిలోమిన ఒక్కో ఇంటి గేటూ చూసుకుంటూ నడుస్తోంది. ఇదీ చెప్పిన ఇల్లే. ఇదీ చెప్పినదే. ఆ పచ్చ తలుపు ఇంట్లో ఇంకోసారి చెప్పమంటే కూడా చెప్పింది.

మలుపులో ఆగిపోయింది.

"ఇంత జరిగితే ఆయన నాతో ఒక్క మాటైనా అనలేదు మాస్టారూ."

మాస్టారు ఆమె చేతిలోంచి సంచీ తీసుకున్నారు.

"నీతో ఎలా అంటాడమ్మా? నువ్వు ఇంటింటికీ చెప్పేదానివి."