రెండో తాళంచెవి

ఎవరైనా ప్రశ్న అడిగితే సుభద్రాయమ్మగారు అక్కడికక్కడే జవాబు చెప్పరు. మర్నాడు పొద్దున్న అడిగినవాళ్ళ ఇంటికి టీకి వెళ్తారు. "ప్రశ్న ఇక్కడ అడుగుతారు గాని, అది పుట్టింది మీ ఇంట్లో కదా. పుట్టినచోటు చూడకుండా ఏం చెప్పను?" అంటారు. అనకాపల్లిలో సాయంత్రాలు ఆవిడ దగ్గర ఉపనిషత్తులు చదువుకునే మాలో చాలామంది, ఇల్లు సర్దుకోవాల్సి వస్తుందని ప్రశ్నలు అడగడమే మానేశాం.

దాలినాయుడు మానలేదు. బెల్లం వ్యాపారం కొడుకుకి అప్పగించాక పాఠానికి వచ్చి చేరిన మనిషి. చిన్నప్పుడు బళ్ళో కూడా ఆవిడ దగ్గరే చదివాడు గనక, తల నెరిసినా ఆవిడ ముందు చేతులు కట్టుకునే నిలబడతాడు. ఆ సాయంత్రం పాఠం దానం గురించి. అయిపోయి మేమంతా చాపలు చుడుతుంటే అడిగాడు.

"అమ్మగారూ, ఒక వస్తువు ఇచ్చీసినాక, నిజంగా ఇచ్చీసినట్టు మనకి ఎలగ తెలుస్తాదండి?"

చాపలు చుట్టడం ఆగిపోయింది. అతను ఏ వస్తువు గురించి అడుగుతున్నాడో అందరికీ తెలుసు.

దాలినాయుడి ఇంట్లో ఒక తెల్లకారు ఉండేది. కొడుకు చదువుకునే రోజుల్లో కొన్నది, వెనక పొడుగాటి డిక్కీతో ఉండే పాతకాలం కారు. కూతుర్ని పురిటికి అందులోనే తీసుకొచ్చాడు. సింహాచలం వెళ్ళినప్పుడల్లా అందులో ఇరుగుపొరుగు పిల్లల్ని కూడా కుక్కుకుని వెళ్ళేవాడు. కొడుకు కొత్త కారు కొన్నాక దీన్ని అమ్మేద్దామంటే ఒప్పుకోలేదు. ఊరిచివర, నా అన్నవాళ్ళు లేని రోగుల్ని చూసుకునే ఆశ్రమం ఒకటుంది. దాన్ని నడిపే ఎస్తేరు గారు ఒకప్పుడు నర్సు. మూత్రపిండాలు చెడినవాళ్ళని డయాలసిస్‌కి విశాఖపట్నం తీసుకెళ్ళడానికి బండి లేక అవస్థపడుతున్నారని విని, కారు ఆవిడకి ఇచ్చేశాడు. కాగితాలు మార్పించాడు, కొత్త టైర్లు వేయించాడు, పసుపు కుంకుమ పెట్టి మరీ పంపాడు. అందరం మెచ్చుకున్నాం.

తర్వాత వారం వారం ఆశ్రమానికి వెళ్ళడం మొదలుపెట్టాడు. రోగుల్ని చూడ్డానికి కాదు, కారుని చూడ్డానికి. డిక్కీలో కూరగాయల బస్తా వేస్తే తీయించాడు. రెండో గేరు ఎంత మెల్లగా వెయ్యాలో డ్రైవరుకి పాఠం చెప్పాడు. వెనక సీటు మీద రబ్బరు గుడ్డ పరిస్తే, సీటుకి ఊపిరాడదన్నాడు. ఎస్తేరు గారు అన్నీ విని ఊరుకుంది.

ఇంజన్లో ఏదో చప్పుడు అతని చెవిన పడ్డాక మాత్రం వ్యవహారం ముదిరింది. తన దగ్గర రెండో తాళంచెవి ఉంది. మర్నాడు తెల్లవారుతూనే వెళ్ళి, ఎవరికీ చెప్పకుండా కారు తీసి మెకానిక్కు దగ్గరికి తోలుకుపోయాడు. సొంత ఖర్చుతో బాగు చేయించి, కడిగించి, మెరుస్తున్న కారుతో మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. ఈలోగా డయాలసిస్‌కి వెళ్ళాల్సిన ఒక దర్జీ గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని కారు కోసం చూసీ చూసీ, చివరికి ఆటోలో బయల్దేరాడు. ఆలస్యమైందని ఆసుపత్రిలో అతని మిషను ఇంకొకరికి ఇచ్చేశారు. మళ్ళీ వంతు వచ్చేసరికి మనిషి ఉబ్బిపోయి, ఆయాసంతో మాట రాని స్థితిలో ఉన్నాడు. ప్రాణం దక్కింది గాని, ఎస్తేరు గారి ఓపిక అయిపోయింది. కారు స్వయంగా తెచ్చి దాలినాయుడి ఇంట్లో పెట్టించి ఒక్క మాట అంది.

"నాయుడుగారూ, కారు ఒక్కటే ఇస్తున్నారనుకున్నాం. దాంతోపాటు మీరూ వచ్చారు. ఇద్దర్నీ పోషించడం మా వల్ల కాదు."

ఆ మర్నాడే అతను ఈ ప్రశ్న అడిగింది.

పొద్దున్న సుభద్రాయమ్మగారి వెంట నేనూ వెళ్ళాను. ఎండకి గొడుగు పట్టడానికని చెప్పాను గాని, ఏం చెప్తారో వినాలన్నదే అసలు సంగతి. దాలినాయుడి భార్య వరాలమ్మ టీ గ్లాసులు తెచ్చింది. భర్త మొహం వాడిపోయి ఉంది, ఆవిడ మొహం మామూలుగానే ఉంది.

"ఆ కారు తుడిసినంత సుబ్బరంగా ఈయన ఎప్పుడైనా మొహం తుడుసుకున్నాడేటో అడగండమ్మా," అంది.

"నువ్వూరుకో," అన్నాడు దాలినాయుడు. "రేపు మళ్ళీ ఆ దర్జీ డయాలసిస్‌కి ఎళ్ళాలి. కారు ఇక్కడుంది. ఎస్తేరమ్మ ఫోను తియ్యడం లేదు. మళ్ళీ ఆటోలో ఎలతాడా మనిసి?"

"అదేదో ముందే ఆలోచించాల్సింది," అంది వరాలమ్మ.

సుభద్రాయమ్మగారు టీ గ్లాసుతోనే లేచి, "కారు ఎక్కడ పెట్టావు నాయుడూ?" అన్నారు.

వెనకవైపు ఒకప్పటి పశువుల సాలలో ఉంది కారు. పశువులు ఎప్పుడో పోయాయి. గోడకి మాత్రం వరసగా మేకులు, మేకులకి దుమ్ముపట్టిన పలుపుతాళ్ళు. వరస చివర మేకుకి పసుపుదారం కట్టిన తాళంచెవి. ఆవిడ కారు వంక చూడనే లేదు. గోడ చూస్తూ నడిచారు.

"ఇవన్నీ ఎవరివి?"

దాలినాయుడికి ప్రాణం లేచొచ్చింది. "ఇది మా ఎర్రెద్దుదండి. చోడవరం వాళ్ళకి అమ్మీసినాం. ఇది చూడిగేదెది. పశువుని అమ్మినా పలుపు ఇవ్వం కదండి. కొన్నోడు కొత్త పలుపు తెచ్చుకుని కట్టుకు పోవాలి. పలుపు కూడా ఇచ్చీస్తే మన సాలలో లక్ష్మి పోద్దని మా నాన్న చెప్పీవోడు."

"ఆ తాళంచెవి?"

"అదీ అంతేనండి. కారు ఈ సాలలోనే కదా ఉండీది. మొత్తం ఇచ్చీకూడదని, ఒకటి మన గోడకి ఉంచీసినాను."

ఆవిడ తలాడించారు. తప్పని గాని ఒప్పని గాని అనలేదు. రెండడుగులు వెనక్కి వచ్చి, పలుపుల మధ్య ఉన్న ఒక మేకు దగ్గర ఆగారు. దానికి ఏమీ లేదు.

"దీని పలుపు ఏమైంది? ఎలకలు కొట్టేశాయా?"

"లేదండి. అది గౌరిది. మా అమ్మ ఆవు." దాలినాయుడి గొంతు తగ్గింది. "పక్క వీధిలో సన్నెమ్మని ఉండీదండి. పురిట్లో బిడ్డకి తల్లిపాలు లేవు. మా అమ్మ గౌరిని తోలుకెళ్ళి ఇచ్చీసింది. మా నాన్న పలుపు విప్పబోతే కసిరింది. పలుపుతోటే పంపింది. ఆ తరవాత కాలవకి నీళ్ళకెళ్ళాలన్నా చుట్టు తిరిగి ఎళ్ళీదండి, ఆ వీధంట పోతే గౌరి చూసి అరుస్తాది, మళ్ళీ ఇటొచ్చీస్తాదని. ఆ మేకుకి మాత్రం కొడవలి కూడా తగిలించనిచ్చీది కాదు. ఎందుకే అని మా నాన్న అడిగితే, అమ్మినవాటికేగా పలుపులు, దీన్ని నేను అమ్మలే..."

మాట అక్కడే ఆగిపోయింది. సుభద్రాయమ్మగారు తీరిగ్గా టీ తాగుతున్నారు. నేను గొడుగు ముడుచుకున్నాను.

తర్వాత దాలినాయుడు వెళ్ళి గోడకున్న తాళంచెవి తీశాడు. పసుపుదారం విప్పబోయి, ఆలోచించి, అలాగే ఉంచాడు. అతని ఫోను తియ్యడం లేదు గనక భార్య ఫోనులోంచి ఎస్తేరు గారికి చేశాడు. డ్రైవరుని పంపమన్నాడు. తను తోలుకురానని రెండుసార్లు చెప్పాడు. అవతల ఆవిడ ఏమందో గాని, "నానూ రాన్లెండి," అన్నాడు. వరాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

డ్రైవరు వచ్చాడు. దాలినాయుడు రెండు తాళంచెవులూ అతని చేతిలో పెట్టాడు. రెండో గేరు గురించి ఏదో చెప్పబోయి ఊరుకున్నాడు. కారు సందు మలుపు తిరిగేదాకా అరుగు మీదే ఉండి, తర్వాత సాలలోకి వచ్చి గోడకేసి చూశాడు.

"బోసిగా ఉందండి అమ్మగారూ," అన్నాడు. "ఆ చివరి మేకు. ఏదో ఒకటి తగిలించీమంటారా?"

సుభద్రాయమ్మగారు ఖాళీ గ్లాసు వరాలమ్మకి ఇచ్చి, చెప్పులు తొడుక్కున్నారు.

"ఉండనీ నాయుడూ. ఇచ్చినట్టు ఎలా తెలుస్తుందని అడిగింది నువ్వే కదా."