ఏలినవారి పంచె మీద శాసనం

ఏ కాలమో ఎవరూ గట్టిగా చెప్పలేరు గానీ, కొండలకూ అడవికీ నడుమ చింతలగిరి అని ఒక రాజ్యం ఉండేది. దాన్ని రణభైరవ రాయుడు అనే రాజు ఏలేవాడు. రాజ్యం చిన్నదే గానీ రాజుగారి దర్పం చాలా పెద్దది. ఆయన తుమ్మినా బాకా ఊదాల్సిందే. ఏ పని చేసినా "ఇది మా తాతగారి ధర్మం" అని నలుగురికీ వినిపించేలా చెప్పి మరీ చేసేవాడు.

ఆయన కొలువులో మాచన అనే చమత్కారి ఉండేవాడు. సభలో ఎవరికీ కునుకు పట్టకుండా చూడడం అతని పని. అందుకు అతనికి రాజుగారి పక్కనే ఆసనం, పండక్కో కొత్తబట్ట, ఏడాదికి సరిపడా గింజలు.

ఆ ఏడు వసంతోత్సవానికి పొరుగు రాజ్యం నుంచి రాయబారి వచ్చాడు. అతని కళ్ళు చెదరాలని రాజుగారు జానెడు జరీ అంచున్న పట్టుపంచె తీయించాడు. కట్టింది ఓబయ్య. రాజుగారికీ, అంతకుముందు వాళ్ళ నాన్నగారికీ బట్టలు కట్టిన ముసలివాడు.

విందులో బొబ్బట్లు వడ్డించారు. రాజుగారికి బొబ్బట్లంటే ప్రాణం. నేతిలో ముంచుకుని తినగా తినగా ఊపిరి తీయడం కష్టమైంది. ఆయన అటూ ఇటూ చూసి, ఉత్తరీయం చాటున చెయ్యి పెట్టి, నడుం దగ్గర ముడి కాస్త వదులు చేసుకున్నాడు. హాయిగా నిట్టూర్చి ఇంకో బొబ్బట్టు అందుకున్నాడు.

పక్కనే కూర్చున్న మాచన ఇది చూశాడు. చూసీ చూడనట్టు తన విస్తరి వైపు తిరిగాడు. రాజుగారి నడుం వైపు చూసినట్టు తెలియడం ఎవరికీ క్షేమం కాదు.

విందు ముగిసింది. రాజుగారు కోట ముందున్న వేదిక ఎక్కాడు. ఎదురుగా జనసముద్రం. పక్కన రాయబారి. రాజుగారు కత్తి దూసి, రెండు చేతులూ పైకెత్తి, "చింతలగిరికీ..." అన్నాడు.

"జై" అనాల్సిన జనం అనలేదు. పట్టుపంచె జారి రాజుగారి పాదాల చుట్టూ చుట్టలా పడింది. లోపల, పసుపుపచ్చ గుడ్డ మీద ఆకుపచ్చ చిలకలున్న పొట్టి లాగు!

సన్నాయి ఊదేవాడికి నవ్వాగక, సన్నాయి మేకపిల్లలా అరిచింది. దాంతో జనం ఘొల్లున నవ్వారు. రాయబారి ఉత్తరీయం నోట్లో కుక్కుకున్నాడు. మాచన మాత్రం నవ్వలేదు. ముడి సంగతి తెలిసిన అతనికి గుండె జారినట్టయింది.

పొద్దు వాలేలోగా కథ ఊరంతా చుట్టింది. తిరగలి దగ్గర ఆడవాళ్ళు పాట కట్టారు. సంతలో ఒకడు, పంచెను ఏనుగు లాగిందన్నాడు. ఇంకొకడు, గద్ద తన్నుకుపోయిందని ఒట్టేశాడు. చిలకలు లాగు మీదివి కావనీ, నిజం చిలకలే ఎగిరిపోయాయనీ చెప్పినవాడికి జనం మజ్జిగ పోయించి మరీ చెప్పించుకున్నారు. పగటివేషాల గంగులప్ప అయితే మర్నాడే రాజు వేషం కట్టి, వీధి వీధికీ పంచె జార్చుకుంటూ తిరిగాడు.

రాజుగారు తలుపులేసుకుని కూర్చున్నాడు. అప్పుడు వేగులవాళ్ళ పెద్ద భీమరుసు వెళ్ళి చెవిలో ఊదాడు.

"ప్రభూ, పంచె తనంతట తాను జారుతుందా? ఎవరో జార్చారు."

ఆ మాట రాజుగారికి అమృతంలా తోచింది. తన తప్పు కాదని చెప్పే మాట ఎవరికి చేదు? వెంటనే ఓబయ్యను చెరసాలలో వేయించాడు. వేగులవాళ్ళు ఊరి మీద పడ్డారు. నవ్విన ప్రతివాడి మీదా అనుమానమే. దూడ గంతులు చూసి నవ్విన రైతును పట్టుకెళ్ళారు. ఒక పెళ్ళిలో బావామరదళ్ళు ఏడుపుమొహాలతో బంతులాడుకున్నారు. కొలువులో ఎవరికి వారే తమ పంచె మీద కుట్ర జరుగుతుందేమోనని నడుం మీద చెయ్యేసుకుని నడవసాగారు. ఒకరితో ఒకరు మాట్లాడడం మానేశారు.

ఇది చాలదని రాజుగారు దండోరా వేయించాడు.

"వసంతోత్సవం నాడు ఏలినవారి పంచె జారలేదహో! జారిందన్నవారికి కొరడా దెబ్బలహో!"

ఈ సంగతే తెలియని కొండపల్లెల్లో కూడా డప్పు మోగింది. అక్కడివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, "అయ్యో పాపం, ఎలా జారిందట?" అని వాకబు చేయడం మొదలుపెట్టారు.

చివరికి రాజుగారి చూపు మాచన మీద పడింది.

"ఆ రోజు అందరూ నవ్వారు. నువ్వొక్కడివే నవ్వలేదు. ఎందుకు?"

"భయం వేసింది ప్రభూ."

"జారక ముందే తెలిసినవాడికి నవ్వెందుకొస్తుంది ప్రభూ?" అన్నాడు భీమరుసు, గోడకేసి చూస్తూ.

మాచన లోలోపల లెక్క వేసుకున్నాడు. నిజం చెబితే, అందరి ముందూ రాజుగారిని తప్పుపట్టినట్టు. చెప్పకపోతే తనూ కుట్రదారే.

"రేపు ఓబయ్యకు శిక్ష. ఆ ముడి వేసిన చేతులు నరికిస్తాను. ఆ తరవాత నీ సంగతి తేలుస్తాను" అన్నాడు రాజుగారు.

ఆ సాయంత్రమే మాచన చెరసాలకు వెళ్ళాడు. ఓబయ్య మూల కూర్చుని తన చేతులు తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

"బాబూ, నేను గట్టిగానే బిగించానని గుర్తు. కానీ ఇంతమంది నేనే తప్పు చేశానంటుంటే నా మీద నాకే అనుమానం పుడుతోంది. ముసలితనం కదా, నా వేళ్ళు నన్ను మోసం చేశాయేమో?"

మాచన ముసలివాడి భుజం మీద చెయ్యేసి కాసేపు నిలబడి వచ్చేశాడు. ఇంటికి పోలేదు. తిన్నగా రాతిపని చేసే కొండాచారి ఇంటి తలుపు తట్టాడు.

మర్నాడు సభ కూడింది. రాయబారి కూడా ఉన్నాడు. ఓబయ్యను తెచ్చారు. తలారి కత్తి పట్టుకుని నిలబడ్డాడు. అంతలో నలుగురు మనుషులు ఒక నల్లరాతి పలక మోసుకొచ్చి సభ మధ్య దించారు. వెనకే సుద్దముక్క, ఉలి పట్టుకుని కొండాచారి.

"ఏమిటిది?" రాజుగారి కనుబొమలు ముడిపడ్డాయి.

"తాతగారి ధర్మం ప్రభూ" అన్నాడు మాచన చేతులు కట్టుకుని. "చెయ్యి గానీ కాలు గానీ తీయించే శిక్ష వేస్తే, ఏ నేరానికి వేశారో కోట వాకిట రాయి మీద చెక్కించాలని ఆయన కట్టడి చేశారు కదా. అన్యాయం జరగలేదని జనం తెలుసుకోవాలని."

రాయబారి ముందుకు వంగాడు. "ఎంత గొప్ప ధర్మం! మా రాజుగారికి తప్పక చెబుతాను."

ఇక రాజుగారు కాదనలేకపోయాడు. మాచనకేసి అనుమానంగా చూస్తూనే, "సరే, రాజద్రోహం చేశాడని రాయి" అన్నాడు.

కొండాచారి సుద్దతో రాశాడు. మాచన తల గోక్కున్నాడు.

"ఏ ద్రోహమో చెప్పకపోతే జనం రకరకాలుగా అనుమానిస్తారేమో ప్రభూ. కోట లోపలి మనిషి కదా... అంతఃపురం సంగతేమో అనుకుంటే?"

"ఛీ! అంతఃపురం మాటెందుకు? వస్త్రం విషయంలో అని రాయి!"

"పై వస్త్రమా ప్రభూ, కింది వస్త్రమా?" అన్నాడు కొండాచారి అమాయకంగా.

రాజుగారు గొంతు సవరించుకున్నాడు. "...కిందిది."

"ఏలినవారి కింది వస్త్రం విషయంలో ద్రోహం" అని కొండాచారి పైకి చదివాడు. "దొంగిలించాడా ప్రభూ?"

"దొంగిలించలేదయ్యా, జార్చాడు!"

మాచన మెల్లగా భీమరుసు వైపు తిరిగాడు. "జారిందన్నవారికి కొరడా దెబ్బలని దండోరా వేశారు కదా? ఇప్పుడేం చేద్దాం?"

భీమరుసు నేలకేసి చూశాడు. రాజుగారి చెవులు ఎర్రబడ్డాయి. కొండాచారి మాత్రం రాత మీదే దృష్టి పెట్టాడు.

"లోపలి చిలకలు కూడా చెక్కాలా ప్రభూ? చెక్కాలంటే ఈ పలక చాలదు."

"వద్దు!" అని అరిచాడు రాజుగారు. కాస్త ఆగి అడిగాడు. "ఈ రాయి... ఎన్నాళ్ళుంటుంది?"

"మంచి నల్లరాయి ప్రభూ. మీ మునిమనవల మునిమనవలు కూడా చదువుకోవచ్చు."

రాజుగారు సింహాసనంలో వెనక్కి వాలాడు. తిరగలి పాట నాలుగు వానలు పడితే పాతబడుతుంది. ఇది పాతబడేది కాదు.

మాచన సింహాసనం దగ్గరకు వెళ్ళి, రాజుగారికి మాత్రమే వినపడేలా గొంతు తగ్గించాడు.

"ఇంకొక్క మాట ప్రభూ. శాసనానికి చూసిన సాక్షి పేరు ఉండాలి. ముడి ఎప్పుడు, ఎవరి చేత్తో వదులైందో చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. బొబ్బట్లు రెండోసారి వడ్డించినప్పుడు."

రాజుగారి మొహంలో రంగు మారింది. చెయ్యి తనకు తెలియకుండానే నడుం మీదికి వెళ్ళింది.

"నన్ను బెదిరిస్తున్నావా?"

"లేదు ప్రభూ. బెదిరింది నేనే. అందుకే నవ్వలేదు, అందుకే ఇన్నాళ్ళూ నోరు విప్పలేదు. నిన్న ఆ ముసలివాడు తన చేతుల్నే అనుమానించుకుంటుంటే చూడలేకపోయాను."

రాజుగారు చాలాసేపు ఓబయ్యకేసి చూశాడు. తరవాత లేచి, "ఓబయ్య తప్పేమీ లేదు. ముడి బాగానే వేశాడు. వదిలెయ్యండి" అన్నాడు. "ఆ రాయి తీసుకుపోండి" అని కూడా అన్నాడు, ఇంకాస్త గట్టిగా.

సభ ముగిశాక రాజుగారు మాచనను ఆపాడు. "చేతులైతే మిగిలాయి. మరి నా పరువు? ఆ పాటలూ, ఆ వేషాలూ?"

"చాటుగా నవ్వినంతకాలం ఆ నవ్వు అయిపోదు ప్రభూ. మీ ఎదుటే నవ్వనివ్వండి. గంగులప్పను పిలిపించండి."

రెండు రోజుల తరవాత కోట ముంగిట పగటివేషం ఏర్పాటైంది. జనం వచ్చారు గానీ, ఇది నవ్వినవాళ్ళను పట్టుకునే వల అని అందరికీ అనుమానమే. పళ్ళు కనపడకుండా పెదాలు బిగించి కూర్చున్నారు. గంగులప్ప రాజు వేషంలో వచ్చాడు. కత్తి ఎత్తాల్సిన చోట ఎత్తలేదు. రెండు చేతులతో నడుం గట్టిగా పట్టుకుని, "చింతలగిరికీ జై" అని గొణిగి, దండం పెట్టి వెళ్ళిపోబోయాడు.

"ఆగవోయ్!" అన్నాడు రాజుగారు.

గంగులప్ప బిగుసుకుపోయాడు.

"నా పంచె ఏది? జారాలి కదా?"

గంగులప్ప మాచనకేసి చూశాడు. మాచన తలూపాడు. గంగులప్ప కళ్ళు మూసుకుని రెండు చేతులూ పైకెత్తాడు. పంచె జారింది. లోపల చిలకల లాగు. ఒక చిలకకు మీసాలు కూడా గీశాడు మహానుభావుడు.

రాజుగారు ఆ మీసాల చిలకను తేరిపార చూశాడు. ముందు బొజ్జ కదిలింది, తరవాత భుజాలు. ఆఖరికి కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వాడు. అప్పుడు జనం నవ్వారు. ఓబయ్య బోసినోటితో నవ్వాడు. పట్టుకొచ్చిన రైతును అప్పుడే వదిలిపెట్టారు, అతనూ నవ్వుకుంటూ దూడ దగ్గరికి పోయాడు. భీమరుసు ఒక్కడే ఎవరెవరు నవ్వుతున్నారా అని చూసి, అందరూ నవ్వుతుండడంతో ఏం చేయాలో తోచక నిలబడ్డాడు.

రాజుగారు గంగులప్పకు వెండి కడియం ఇచ్చాడు. మాచనను దగ్గరకు పిలిచి, తన భుజం మీది జరీ శాలువా తీసి కప్పాడు.

మాచన వంగి దండం పెట్టాడు. శాలువా భుజాల మీద ఉంచుకోలేదు. తీసి, నడుం చుట్టూ గట్టిగా బిగించి, ముడి మీద ముడి వేసుకున్నాడు.

"ఏమిటా పని?" అన్నాడు రాజుగారు.

"ఇవాళ కోటలో భోజనం ఉందన్నారు ప్రభూ. నా జాగ్రత్తలో నేనుండాలి కదా!"

రాజుగారు మళ్ళీ పగలబడి నవ్వి, అతని చెయ్యి పట్టుకుని వంటశాల వైపు నడిచాడు.