నిండని సంఘం

బుధినాగుడికి వచ్చిన చిక్కు చిన్నదే. విద్యార్థి సంఘానికి అతను కట్టిన మూడు సూత్రాల్లో ఏది పైన ఉండాలో తేలడం లేదు.

రాతి మీద చెక్కించబోతున్నారు మరి. పఠనశాల గుమ్మం పక్కన పలకరాయి నిలబెట్టడం కూడా అయిపోయింది. శిల్పి ఉలి నూరుకుని వాన ఎప్పుడు వెలుస్తుందా అని కూర్చున్నాడు. తాటాకు మీదైతే రేపు దిద్దుకోవచ్చు. రాతి మీద పొరపాటు పడితే రాబోయే తరాలన్నీ చదివి నవ్వుతాయి.

అది కృష్ణ ఒడ్డున కొండ మీద ఉన్న విహారం. పేరెందుకులెండి, ఇప్పుడక్కడ ఇటుకలు కూడా మిగల్లేదు. ఆ రోజుల్లో మాత్రం అదొక విశ్వవిద్యాలయం. కాషాయం కట్టినవాళ్లూ కట్టనివాళ్లూ కలిసి వెయ్యిమంది దాకా చదువుకునేవాళ్లు. వాళ్ల తిండీ, పడకా, చదువూ అన్నీ పెద్దల చేతిలో ఉండేవి. పెద్దలు చెడ్డవాళ్లు కారు. అలాగని కడిగిన ముత్యాలూ కారు. వెయ్యిమంది ఆకలి పదిమంది పెద్దల చెవికెక్కాలంటే ఎవరో ఒకరు నిలబడి చెప్పాలి. అందుకే విద్యార్థులు ఒక సంఘం పెట్టుకున్నారు. దాని తరఫున మాట్లాడడానికి బుధినాగుణ్ణి ఎన్నుకున్నారు.

సరైనవాణ్ణే ఎన్నుకున్నారు. అతను అందరికీ తలలో నాలుకలా ఉండేవాడు. పెద్దల ముందు నిలబడితే గొంతు వణికేది కాదు, మాట హద్దు దాటేదీ కాదు. కొత్తగా చేరిన పిల్లల చేత పెద్దల బట్టలు ఉతికించే అలవాటు ఆ ఏడే అతని వల్ల ఆగింది. పొద్దుటి గంజి కాస్త చిక్కబడింది. పాము చావకుండా, కర్ర విరగకుండా పని చక్కబెడతాడని పెద్దలకు కూడా అతని మీద గురి కుదిరింది.

అతని సూత్రాలు కూడా అలాంటివే, వంక పెట్టడానికి వీల్లేనివి. అడగనిదే అమ్మయినా పెట్టదు, కాబట్టి అడగాలి. ఇది మొదటిది. పదిమందికి మేలైనదే సంఘానికి మేలు. ఇది రెండోది. సంఘం తరఫున నిలబడినవాడికి సొంత మాట ఉండదు, సంఘం మాటే అతని మాట. ఇది మూడోది. రోజూ పొద్దున చదువు మొదలుపెట్టే ముందు పఠనశాలలో అందరూ కలిసి ఈ మూడింటినీ వల్లించేవాళ్లు. వింటుంటే ఎవరికైనా ఒళ్లు గగుర్పొడిచేది.

సంఘం మాట ఏమిటో తేల్చుకునే పద్ధతి మాత్రం భిక్షువుల దగ్గర నేర్చుకున్నదే. ఒక మాటను సభ ముందు పెడతారు. సమ్మతమైనవాళ్లు మౌనంగా ఉండండి, కానివాళ్లు చెప్పండి అని మూడుసార్లు అడుగుతారు. మూడోసారికి కూడా ఎవరూ నోరు విప్పకపోతే ఆ మాట నెగ్గినట్టే. మౌనం అర్ధాంగీకారం అంటాం కదా. ఆ మిగతా సగం ఎటు పోయిందని అడిగినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

ఇక కన్హుడి సంగతి చెప్పాలి. కన్హుడు బుధినాగుడి గదిలోనే ఉండేవాడు. నది దిగువన చేపలు పట్టుకునే పల్లె నుంచి వచ్చాడు. చదువులో వెనకబడేవాడు గానీ, పాఠం అర్థం కాకపోతే కాలేదని ఆచార్యుడి ముఖం మీదే చెప్పేవాడు. సంఘం తరఫున నిలబడమని బుధినాగుణ్ణి పోరి పోరి ఒప్పించింది అతనే.

వానలు మొదలైన కొత్తలో కన్హుడికి జ్వరం తగిలింది. జ్వరం వచ్చిన విద్యార్థుల్ని కొండ కింద, రేవు పక్కనున్న రోగశాలలో పడుకోబెట్టడం అక్కడి ఆనవాయితీ. అంటు పైకి రాకూడదని అలా చేసేవాళ్లు. అది మట్టిగోడల ఇల్లు. ఆ ఏటి వానలకు నేలలోంచి నీరు ఊరడం మొదలుపెట్టింది. బుధినాగుడు మొదట్లో రోజూ దిగి వెళ్లి చూసి వచ్చేవాడు. ఈ తడికి ఊపిరి ఆడడం లేదనీ, తమను పైన పొడిచోటికి చేర్చమని పెద్దల్ని అడగమనీ కన్హుడు చెప్పాడు. అడుగుతానని బుధినాగుడు అతని చేతిలో చెయ్యి వేశాడు.

అడిగాడు కూడా. ఆ మాట దగ్గర అతన్ని తప్పు పట్టడానికి లేదు.

విహారం కట్టడాలు చూసే పెద్ద సావధానంగా విన్నాడు. పైన చుక్క కారనిది పఠనశాల ఒక్కటే. దాన్లో మంచాలు వేస్తే చదువుకు చోటుండదు. వానలు వెలవగానే వాదసభలున్నాయి. వాటిలో నెగ్గినవాడికే పై చదువు, లేదంటే ఇంటి దారి. చీకటి పడ్డాక కూడా శాలలో దీపాలు పెట్టుకుని చదువుకోనివ్వమని సంఘం రెండేళ్లుగా అడుగుతూనే ఉంది.

"శాలలో దీపాలైనా పెట్టుకోండి, మంచాలైనా వేసుకోండి. రెండూ అంటే నా వల్ల కాదు," అన్నాడు పెద్ద. "మీ సంఘం ఏది కోరితే అది చేస్తాను."

బుధినాగుడు సభ పెట్టాడు. ఏదీ దాచకుండా రెండు వైపులా చెప్పాడు. శాలను దీపాలకే ఉంచి, రోగుల సంగతి వానలు వెలిశాక చూసుకుందామన్న మాటను సభ ముందు పెట్టాడు. మూడుసార్లు అడిగాడు. కొందరు తలలు దించుకున్నారు. కొందరు పక్కవాడి వైపు చూశారు. ఎవరూ మాట్లాడలేదు.

అప్పుడు అతనికి కన్హుడు గుర్తు రాకపోలేదు. గుర్తొచ్చాడు, గుండెలో కలుక్కుమంది. కానీ మూడో సూత్రం ఉందిగా. గదిలో తోడున్నవాడి కోసం సంఘం మాట కాదంటే రేపు ఎవరు నమ్ముతారు? ఆ కలుక్కుమనడాన్ని కూడా అతను తన త్యాగం కిందే జమ కట్టుకున్నాడు. ఆ తర్వాత ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలో తెలియక రోగశాల వైపు దిగడం మానేశాడు. సాయంత్రం శాలలో వరసగా దీపాలు వెలిగితే విద్యార్థులు అతని పేరు చెప్పుకుని చదువుకున్నారు.

అతని గురువు, భిక్షువుల్లో పెద్దవాడైన నందిసిరి థేరుడు ఇదంతా జరిగినప్పుడు విహారంలో లేడు. అవతలి ఒడ్డున ఒక ముసలి భిక్షువు చివరి రోజుల్లో ఉన్నాడని తెలిసి చూడ్డానికి వెళ్లాడు. వరదకు పడవలు ఆగిపోయి అక్కడే చిక్కుకున్నాడు. సభ అయిన కొన్నాళ్లకు, ఒక రోజు పొద్దుటి వల్లింపు అయ్యేవేళకు ఎలాగో ఒక పడవవాణ్ణి ఒప్పించి ఏరు దాటి వచ్చాడు.

బుధినాగుడు ఆయనకు కొండ మెట్ల పైనే ఎదురువెళ్లి మొక్కాడు. థేరుడి వస్త్రం మోకాళ్ల దాకా బురద. తడిసిన జోలె ఇంకా భుజం మీదే ఉంది. కూర్చోమని చెప్పాలని కూడా బుధినాగుడికి తోచలేదు, అంత ఆత్రంలో ఉన్నాడు. సూత్రాలు చెప్పాడు, సభ సంగతి చెప్పాడు, దీపాల సంగతి చెప్పాడు. పలకరాయిని చూపించాడు. మూడింటిలో ఏది పైన చెక్కించాలో సెలవిమ్మన్నాడు.

థేరుడు మధ్యలో ఆపకుండా అంతా విన్నాడు.

"ఆ సభకు సంఘమంతా వచ్చిందా?"

"వచ్చింది భంతే." అక్కడ పెద్దల్ని అలాగే పిలుస్తారు.

"కన్హుడు వచ్చాడా?"

బుధినాగుడు తడబడ్డాడు. జ్వరంలో ఉన్నవాళ్లు ఎలా వస్తారని అన్నాడు. సభ ఉందని గంజి తీసుకెళ్లేవాడితో చెప్పి పంపామనీ, కాదనేవాళ్లయితే కబురు పెట్టి ఉండేవాళ్లనీ అన్నాడు. తన మాట తనకే ఎక్కడో తేడాగా వినపడి ఆగిపోయాడు.

భిక్షువుల పద్ధతిలో ఇంకో ముక్క ఉంది. సభకు రాలేని రోగి తన సమ్మతిని ఇంకొకరి నోట పంపాలి. అలా పంపలేకపోతే అతన్ని మంచంతో సహా సభకు మోసుకురావాలి. మోసుకురావడానికీ వీల్లేని స్థితిలో ఉంటే సంఘమంతా లేచి అతని మంచం దగ్గరికే వెళ్లాలి. అతను లేకుండా మాత్రం ఏ మాటా తేల్చకూడదు. విద్యార్థులు తమ సంఘం పెట్టుకున్నప్పుడు ఈ ముక్కను వదిలేశారు. పడుచువాళ్లం, మనకెందుకీ ముసలివాళ్ల చాదస్తం అనుకున్నారు.

"మా దగ్గర మౌనం ఒక్కటే నేర్చుకున్నారు," అన్నాడు థేరుడు. "మంచం మోయడం నేర్చుకోలేదు. రా."

వచ్చిన మెట్లే మళ్లీ దిగడం మొదలుపెట్టాడు. బుధినాగుడు వెనకే నడిచాడు.

రోగశాలలో చీలమండలు మునిగేంత నీరుంది. మంచం కోళ్ల కింద ఎవరో ఇటుకలు పెట్టారు. ఒక మూల గోడ జారి లోపలికి పడింది. మొత్తం ఐదు మంచాలు. నలుగురు కళ్లు తెరిచి వీళ్లవైపు చూశారు.

కన్హుడు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. బుధినాగుడు పేరు పెట్టి పిలిచాడు. దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి వెంటనే తీసేశాడు.

పక్క మంచం మీదున్నవాడు చెప్పాడు. "తెల్లారేముందు పోయాడు. అప్పట్నుంచీ పిలుస్తూనే ఉన్నాం. మా గొంతు పైదాకా రాలేదు కాబోలు." కాసేపు దగ్గి, మళ్లీ అన్నాడు. "మీ సూత్రాలు మాత్రం ఇక్కడికి బాగా వినపడ్డాయి."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఎత్తిపొడవడానికి కావలసిన ఓపిక అతనికి లేదు. ఉన్న మాట చెప్పాడు, అంతే.

బుధినాగుడు ఆ నీళ్లలోనే కూలబడి ఏడ్చాడు. థేరుడు అతన్ని ఓదార్చలేదు. ఒక్కొక్క మంచం దగ్గరికీ వెళ్లి, వంగి, ముందు ఎవర్ని పైకి తీసుకెళ్లమంటారని అడిగాడు. మొదటివాడికి ప్రశ్న అర్థం కాలేదు. ఇన్ని రోజుల్లో వాళ్లను ఎవరైనా ఏదైనా అడగడం అదే మొదటిసారి.

"ముందు వాణ్ణి తీసుకెళ్లండి భంతే," అన్నాడు పక్క మంచం కుర్రవాడు. "వాడి పక్కన పడుకోలేకపోతున్నాం."

మిగిలిన ముగ్గురూ తలలూపారు.

తలవైపు థేరుడు పట్టుకున్నాడు. కాళ్లవైపు పట్టమని బుధినాగుడికి కళ్లతోనే చెప్పాడు. మెట్లెక్కేటప్పుడు మంచం బరువంతా కిందివైపు ఉన్నవాడి మీదే పడుతుంది. వాన ముఖానికి కొడుతోంది. మెట్టు మెట్టుకీ కన్హుడి పాదాలు బుధినాగుడి గుండెలకు తగులుతున్నాయి. ఒకచోట కాలు జారి మోకాలు చీరుకుపోయింది. మంచాన్ని మాత్రం వదల్లేదు.

శాల నిండా విద్యార్థులున్నారు. వాళ్లు మంచాన్ని చూసి లేచి నిలబడ్డారు. అంటురోగమంటూ కొందరు వెనక్కి జరిగారు. దగ్గరగా ఉన్నవాళ్లు ముఖం చూశారు. వాళ్లు ఇక పాఠం వైపు తిరగలేదు. థేరుడు మంచాన్ని శాల మధ్యలో దింపించాడు.

"ఆ రోజు సంఘం నిండలేదు," అన్నాడు. "ఆ మాట మళ్లీ అడుగు."

బుధినాగుడు చేతులు జోడించాడు. వద్దు భంతే అన్నాడు.

"అడుగు నాయనా."

అడిగాడు. "శాలను దీపాలకే ఉంచుదాం. రోగుల సంగతి వానలు వెలిశాక చూద్దాం. సమ్మతమైనవాళ్లు మౌనంగా ఉండండి. కానివాళ్లు చెప్పండి."

ఎవరూ మాట్లాడలేదు. మంచం నులకలోంచి నీళ్లు రాతినేల మీద కారుతున్నాయి.

రెండోసారి అడిగాడు. ఈసారి మాటలు ఒకదానికొకటి అతకలేదు. వెనక వరసలో ఒకడు ఏదో అనబోయి, పక్కవాడి వైపు చూసి మానుకున్నాడు. అందరూ కన్హుడి వైపే చూస్తున్నారు, అతనేమైనా చెబుతాడేమో అన్నట్టు.

మూడోసారి బుధినాగుడు నోరు తెరిచాడు. "శాలను" అని ఆగిపోయాడు.

"ఆగావేం?" అన్నాడు థేరుడు. "ఎవరూ కాదనలేదే. కన్హుడు కూడా కాదనలేదు."

బుధినాగుడు మంచం పట్టె పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాడు. ఎదురుగా ఉన్నవాళ్లకు కూడా సరిగా వినపడనంత మెల్లగా అన్నాడు.

"నాకు సమ్మతం కాదు."

థేరుడు అప్పటికే మెట్లవైపు నడుస్తున్నాడు. వెనక్కి తిరగలేదు.

"అతనికిక వినపడదు నాయనా. కింద ఇంకా నలుగురున్నారు. వచ్చి వాళ్లకు చెప్పు."