ఖాళీ ట్రైలరు, సముద్రపు గాలి

మా గురువుగారు చెంచురామయ్యగారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు. జీపు తాళాలు తీస్తారు. ఆ అలవాటు తెలిసి కూడా మా శిష్యుల్లో పెద్దవాడు పానకాలన్నయ్య ఒక ఉదయం అడిగాడు.

"స్వామీ! ఇల్లు వదిలాను, పొలం వదిలాను, ఉప్పు కూడా మానేశాను. అయినా ఎవరైనా ఒక్క మాట అంటే చాలు, లోపలంతా ఊగిపోతోంది. ఎందుకని?"

అన్నయ్య ఉప్పు మానేసిన సంగతి ఆశ్రమంలో అందరికీ తెలుసు. ఉప్పుకి కూడా చెప్పే ఉంటాడు. విడిగా ఆశ్రమం పెట్టుకోవాలని అతని పట్టుదల. గురువుగారి అనుమతి ఇంకా రాలేదు గానీ, బోర్డు మాత్రం వచ్చేసింది: 'సర్వసంగ పరిత్యాగి శ్రీ పానకాలస్వామి ఆశ్రమం'. మంచమంత ఉంది.

గురువుగారు తాళాలు అతని చేతిలో పెట్టారు. "పల్లెపాలెంలో అన్నదానానికి బియ్యం చేర్చాలి. నువ్వే నడుపు నాయనా. జవాబూ, అనుమతీ తిరిగొచ్చేలోగా తేలిపోతాయిలే."

జీపు వెనక ట్రైలరు తగిలించి, బస్తాలు నింపి, గురువుగారితో కలిసి ముగ్గురం బయల్దేరాం. దారిలో నలుగురూ చదువుతారని అన్నయ్య ముందే ఆ బోర్డుని ట్రైలరు పక్క అంచుకి నిలువుగా కట్టించాడు. కట్టింది నేనే. ముడులు గట్టిగానే వేశాను. అన్నయ్య కీర్తి మధ్యదారిలో జారిపోకూడదు కదా! గాలి బాగానే వీస్తున్నా, బస్తాల బరువుకి ట్రైలరు బుద్ధిగా వెంట వచ్చింది.

తిరుగు ప్రయాణంలో ట్రైలరు ఖాళీ. సరుగుడు తోట చాటు దాటి ఏటిగట్టు ఎక్కామో లేదో, సముద్రం మీంచి గాలి పక్కవాటుగా వచ్చి బోర్డుని ఈడ్చి కొట్టింది. ట్రైలరు అటొక ఊపు, ఇటొక ఊపు. దానితోపాటు జీపు వెనక భాగమూ. కింద ఏరు. అన్నయ్య స్టీరింగు గింగిరాలు తిప్పేస్తూ బ్రేకు మీదికి కాలెత్తాడు.

"బ్రేకు జోలికి పోకు!" అన్నారు గురువుగారు. "స్టీరింగు తిన్నగా పట్టుకుని యాక్సిలరేటరు మీంచి కాలు తియ్యి, అంతే."

తీశాడు. ఊపు మెల్లమెల్లగా సన్నగిల్లి, గట్టు చివర జీపు ఆగింది. నేను అప్పటికి తెలిసిన దేవుళ్ళందరినీ పిలవడం అయిపోయి, తెలియనివాళ్ళ దగ్గరికి వచ్చాను.

అన్నయ్య దిగి ట్రైలరు చుట్టూ తిరిగాడు. టైర్లు తన్ని చూశాడు, కొక్కెం లాగి చూశాడు. "పొద్దున అంత బరువుతో కదల్లేదు స్వామీ! ఇప్పుడు గింజ కూడా లేదు, అంతా దింపేశాం. ఇంకా ఎందుకు ఊగింది?"

గురువుగారు బోర్డు మీది అక్షరాలు తాపీగా, ఒక్కటీ వదలకుండా చదివారు.

"బరువంతా దింపావు నాయనా. బోర్డు దింపలేదు."