పోయిన రాజుగారి ఆజ్ఞ

వెనకటికి కుంభగిరి రాజ్యాన్ని ప్రచండవర్మ అనే రాజు ఏలేవాడు. ఆయన పేరు చెబితే ఊయలలో పసివాళ్ళు కూడా ఏడుపు ఆపేవారట. అలాంటి రాజు ఒకనాటి ఉదయం పక్క మీంచి లేవలేదు. పోయాడన్న మాట పైకి అనే ధైర్యం లేక రాజవైద్యుడు "ప్రభువులవారు ఇంకా నిద్రలేవలేదు" అంటూ మధ్యాహ్నం దాకా నెట్టుకొచ్చాడు.

కబురు బయటికి పొక్కగానే ఊరంతా తేనెతుట్టె కదిపినట్టయింది. అంగళ్ళు తెరవాలో మూయాలో, ఏడవాలో ఊరుకోవాలో ఎవరికీ తెలియదు. గద్దెనెక్కబోయే జయంతవర్మ ఎలాంటివాడో ఎవరూ ఎరగరు. తండ్రి బతికినన్నాళ్ళూ అతణ్ణి అంతఃపురం గడప దాటనివ్వలేదు. అంతా తండ్రి పోలికేనని కొందరూ, కాదు తల్లి మనసని కొందరూ గుసగుసగా పందేలు కూడా కాశారు.

అందరికన్నా ఎక్కువగా గుండె కొట్టుకున్నది చెన్నభట్టుకి. రాజు కొలువుకి వచ్చేటప్పుడు బిరుదులు చదవడం అతని పని. అతని వదిన అచ్చమ్మ ఊళ్ళో పేరున్న మంత్రసాని. ఆవిడ ఆ మధ్య సంతలో ఎవరితోనో "రాజైతే మాత్రం, ఆయనా ఒకనాడు పోవలసినవాడేగా" అంది. ఆ మాట కోట దాకా వెళ్ళింది. అచ్చమ్మని చెరలో వేసి, అమావాస్యనాడు ఉరి అన్నారు. శిక్ష వేసిన రాజే ముందుగా పోయాడు గాని, ఆవిడ మాత్రం ఇంకా చెరలోనే ఉంది.

చెన్నభట్టు దండనాయకుడు రణధవళుడి దగ్గరికి పరుగెత్తి వదినని విడిపించమని బతిమాలుకున్నాడు. రణధవళుడు మీసం దువ్వి, రాజు పోయాడు గాని రాజాజ్ఞ పోలేదు పొమ్మన్నాడు. పాత ఆజ్ఞల పేరు చెప్పి పెత్తనమంతా తన గుప్పిట్లో పెట్టుకోవాలనీ, కుర్ర రాజుని బొమ్మలా కూర్చోబెట్టాలనీ అతని ఎత్తు. చెన్నభట్టుకి ఆ సంగతి అప్పుడే అర్థమైంది.

పట్టాభిషేకం అయి కొత్త రాజు మొదటిసారి కొలువుతీరాడు. తెల్లవారితే అమావాస్య. సభ కిటకిటలాడిపోతోంది. జయంతవర్మ అచ్చం తండ్రిలాగే గడ్డం పైకెత్తి, కళ్ళెర్రజేసి కూర్చున్నాడు. వెనక్కి ఆనుకోకుండా సింహాసనం అంచునే కూర్చున్న సంగతి మాత్రం దగ్గరగా నిలబడ్డ చెన్నభట్టు కనిపెట్టాడు.

పెద్దప్రభువుల ఆజ్ఞల్లో ఒక్క అక్షరం కూడా మారదని రణధవళుడు చాటాడు. "మా తండ్రిగారి ఆజ్ఞే మా ఆజ్ఞ" అన్నాడు కొత్త రాజు బొంగురుగా. చెన్నభట్టుని బిరుదులు చదవమన్నారు.

చెన్నభట్టు ముందుకొచ్చి, చేతికర్ర నేలకు తాటించి, వాకిలివైపు తిరిగి గొంతెత్తాడు. "శత్రుభీకర, మండలేశ్వర, శ్రీ ప్రచండవర్మ మహారాజులు విచ్చేస్తున్నారహో."

సభ కొయ్యబారిపోయింది. రణధవళుడి తల దానంతటదే వంగింది. కొత్త రాజు సింహాసనం మీంచి దిగ్గున లేచి, పక్కకి తప్పుకుని చేతులు కట్టుకున్నాడు. అందరూ ఊపిరి బిగబట్టి వాకిలివైపు చూశారు. గాలికి తెర కదిలింది. అంతే, ఎవరూ రాలేదు.

జయంతవర్మ ముఖం కందిపోయింది. రణధవళుడి చెయ్యి కత్తి మీదికి వెళ్ళింది.

"ఎగతాళా?" అన్నాడు రాజు.

"ఆజ్ఞ ప్రభూ. తాము మళ్ళీ చెప్పేదాకా ఈ సభలో వేరొకరి బిరుదులు చదవవద్దని పెద్దప్రభువులు సెలవిచ్చారు. మళ్ళీ చెప్పకుండానే వెళ్ళిపోయారు. వారి ఆజ్ఞల్లో అక్షరం మారదని దండనాయకులే కదా ఇప్పుడు అన్నారు."

రాజు విసురుగా సింహాసనం వైపు కదిలాడు. చెన్నభట్టు చేతులు జోడించాడు. "కూర్చునేముందు ఒక్క మాట ప్రభూ. తాను తప్ప మరొకరు ఆ గద్దె మీద కూర్చుంటే ఏం చెయ్యమని పెద్దప్రభువుల ఆజ్ఞో, దండనాయకుల్ని అడగండి."

ఆ ఆజ్ఞ ఏమిటో సభలో తెలియనివారు లేరు. రాజు రణధవళుడి వైపు తిరిగాడు. రణధవళుడు నేల చూపులు చూస్తూ, తల తీసెయ్యమన్నారని గొణిగాడు.

"అయితే ఆ ఆజ్ఞ ఉన్నట్టా, పోయినట్టా?" రాజు గొంతులో ఇప్పుడు బొంగురు లేదు.

"పోయినట్టే ప్రభూ."

"అదొక్కటేనా?"

"అన్నీ పోయినట్టే" అన్నాడు రణధవళుడు చెమట తుడుచుకుంటూ.

జయంతవర్మ మెల్లగా వెళ్ళి సింహాసనం మీద, ఈసారి వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు. నోరు జారినందుకు చెరలో పడ్డవాళ్ళందర్నీ అప్పటికప్పుడే వదిలెయ్యమన్నాడు. తర్వాత, ఇక తన బిరుదులు చదవమన్నాడు.

చెన్నభట్టు మళ్ళీ గొంతెత్తాడు. "శ్రీ జయంతవర్మ మహారాజులు." అక్కడితో ఆపేశాడు.

"అంతేనా?"

"నేడేగా గద్దెనెక్కారు ప్రభూ. బిరుదులు తమరు సంపాదించండి. గొంతు చించుకుని చదివే పూచీ నాది."

 రణధవళుడి కళ్ళు ఆశగా మెరిశాయి. రాజు కాసేపు చెన్నభట్టునే చూశాడు. పెదవి కొసన మొదలైన నవ్వు ఆపుకోలేక, కిరీటం పక్కకి జారేదాకా నవ్వాడు. మెళ్ళో ముత్యాలహారం తీసి చెన్నభట్టు మెళ్ళో వేశాడు.

సాయంకాలం అచ్చమ్మ చెరసాల గుమ్మంలో ఎండకి కళ్ళు చికిలిస్తూ నిలబడింది. మరిది మెళ్ళో హారం చూసి, కొత్త రాజు ఎలాంటివాడని అడిగింది.

"ఇంకా తెలియదు వదినా" అన్నాడు చెన్నభట్టు. "కానీ నవ్వడం వచ్చు."