నాంచారమ్మ తినని ముద్ద

అనగనగా ఒక ఊళ్ళో... ఊరంటే మన ఊరంత కాదమ్మా, భూమి భూమంతా ఒకే ఊరైపోయిన కాలం. ఇంకా రాలేదులే ఆ కాలం. ఆ ఊరికంతటికీ పెద్ద నాంచారమ్మ. కిరీటం లేదు, పల్లకీ లేదు. నువ్వే మాకు దిక్కని అందరూ కలిసి కూర్చోబెట్టారు. ఆవిడకి ఒక్కతే కూతురు, అలివేలు. చందమామ మీద కొత్తగా ఊరు కట్టుకుంటే, అక్కడి పిల్లలకి చదువు చెప్పడానికి వెళ్ళింది. ఊ కొడుతున్నావా?

మనకీ, ఒంటిచుక్క అనే ఇంకో లోకానికీ నడుమ ఆకాశంలో ఒక మంచుకొండ తిరుగుతుండేది. ఇక్కడా నీళ్ళకి కటకటే, అక్కడా కటకటే. ఆ కొండ మాదంటే మాదని తగువు ముదిరింది. అటు ఓడలు, ఇటు ఓడలు, ఆకాశమంతా మోహరించాయి. యుద్ధమంటూ వస్తే ముందు కాలేది నడిదారిలో ఉన్న చందమామే. నాంచారమ్మ గుండెల్లో రాయి పడింది.

అప్పుడు ఆవిడ ఏం చేసిందీ? "ముందు భోజనానికి పిలుద్దాం. మనింట్లో తిని మన వాసాలు లెక్కపెడతారా ఏం?" అంది. ఒంటిచుక్క పెద్దాయన పదిమందిని వెంటేసుకుని వచ్చాడు. వాళ్ళూ మనలాంటి మనుషులే, కాస్త పొడుగు. మన మాట నేర్చుకునే వచ్చారు.

అరిటాకులు వేసి, కొంగు బిగించి, పప్పూ పులుసూ బూరెలూ గారెలూ తనే వడ్డించింది. "మొహమాటపడకండి, తినండి" అని పక్కన నిలబడింది. వాళ్ళు ఆకు వంక చూశారు, ఆవిడ వంక చూశారు. చూసి చూసి, మెతుకు ముట్టకుండా లేచిపోయారు.

ఎందుకు లేచారో అడగొచ్చు కదా అంటావు. అడగలేదమ్మా. విస్తరి ముందునుంచి లేచినవాణ్ణి నిలదీయడం మర్యాద కాదనుకుంది. మర్యాద మండిపోనూ!

ఆ తర్వాత, వంటలు చాల్లేదేమో అనుకుంది వెర్రితల్లి. రెండోసారి పిలిచింది. పులిహోర, పాయసం, ఇంకా అరవై రకాలు. వంటవాడు పాయసం గరిటెతో తీసి రుచి చూడబోతే, వాడి చేతిమీద ఒక్కటి వేసింది. "అతిథులకి ఎంగిలి పెడతావుట్రా!" అంది. అదీ వాళ్ళ కళ్ళముందే. ఒంటిచుక్క వాళ్ళ మొహాలు మాడిపోయాయి. మళ్ళీ లేచిపోయారు.

మూడోనాడు పొద్దున్నే వాళ్ళ ఓడలు చందమామ మీదికి దిగాయి. ఊరు కాలిపోయింది. బడి కాలిపోయింది. అలివేలు ఇంక లేదు.

దగ్గరికి జరుగు. భయపడకు, ఇది కథే. పైనున్న చందమామ చల్లగానే ఉన్నాడు.

అప్పుడు సేనాపతి వచ్చి, "అమ్మా, మీరు ఊఁ అనండి చాలు, ఆ చుక్కే లేకుండా చేస్తాం" అన్నాడు. జనమంతా అదే కేక. కూతురు పోయినప్పటినుంచి నాంచారమ్మ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. "నా కడుపుకోత నాకు చాలయ్యా. అక్కడి తల్లులకి కూడానా? ఇంకొక్కసారి పిలుస్తాను" అంది. కన్నకూతురి చావు అరిగించుకున్న మనిషని, సొంతవాళ్ళే మొహం తిప్పుకున్నారు.

మూడో పిలుపు కాదంటే పాపమని ఒంటిచుక్క వాళ్ళ నమ్మకం. పెద్దాయన ఒక్కడే వచ్చాడు. ఈసారి అరవై రకాలు లేవు. అలివేలుకి ఇష్టమైన పెసరపప్పు, అన్నం, అంతే. ఏడుస్తూ వండింది కదా, ఉప్పు వేసిందో లేదో గుర్తులేదు. ఆకులో పెట్టాక ఆ సంగతి తట్టింది. ఒంటిమీద స్పృహ లేని మనిషి, ఆయన ఆకులోంచే ఒక ముద్ద తీసి నోట్లో పెట్టుకుంది.

పెద్దాయన కళ్ళప్పగించి చూశాడు. ఆ తర్వాత చెయ్యి చాపి, ఆవిడ ఎంగిలి చేసిన చోటునుంచే తినడం మొదలుపెట్టాడు.

"మా లోకంలో పెట్టేవాళ్ళు ముందు తింటారమ్మా, విషం లేదని చెప్పడానికి. రెండుసార్లు పిలిచావు, రెండుసార్లూ నువ్వు ముందు తినలేదు. తినబోయినవాణ్ణి కొట్టావు. విషం పెట్టావా అని ఇంటావిడ మొహమ్మీద ఎలా అడగను?" అన్నాడు. వాళ్ళకీ ఏడిసింది మర్యాద.

నాంచారమ్మకి అప్పుడు తెలిసింది. మొదటిరోజు ఒక్క ముద్ద తిని ఉంటే! ఒక్కటంటే ఒక్క ముద్ద తల్లీ. ఇద్దరూ ఆకుకి చెరోపక్క కూర్చుని ఏడ్చారు. మంచుకొండ చెరిసగం చేసుకున్నారు. యుద్ధం ఆగిపోయింది. అలివేలు మాత్రం రాలేదు.

అప్పటినుంచి ఎవరికి అన్నం పెట్టినా నాంచారమ్మ ముందు ఒక ముద్ద తను తినేది. ఆ ముద్ద ఆవిడకి ఏనాడూ రుచించలేదు.

మీ అమ్మ నీకు పెట్టబోతూ తొలిముద్ద తను తిని చూస్తుంది కదా, ఎంగిలి చేశావని పేచీ పెడతావు. ఇంక పెట్టకు. తిననియ్యి.

తొలిముద్ద అమ్మకి,
మలిముద్ద బుజ్జమ్మకి,
కథ వెళ్ళె కంచికి,
కునుకొచ్చె కంటికి.